నవజాత శిశువు దుస్తుల శుభ్రత

నవజాత శిశువు దుస్తుల శుభ్రత అనగా పుట్టబోయే బిడ్డకు వాడదలచిన కొత్త, పాత వస్త్రాలను కాన్పుకు ముందుగానే ఉతికి, ఎండలో ఆరవేసి, సిద్ధపరచి ఉంచే పద్ధతి. అంగడి నుండి తెచ్చిన కొత్త బట్ట చూపునకు శుభ్రంగా ఉన్నప్పటికీ, నేతలోనూ అద్దకంలోనూ నిల్వలోనూ చేరిన అనేక పదార్థాలు దానిలో మిగిలి ఉంటాయి. పెట్టెలో దాచిన పాత బట్టలకు క్రిమికీటకాల నివారణకై వేసిన ఉండల వాసన పట్టి ఉంటుంది. ఇవి పెద్దవారికి సాధారణంగా హాని చేయకపోయినా, అప్పుడే పుట్టిన శిశువునకు చర్మవ్యాధులను, కొన్ని అరుదైన సందర్భాలలో ప్రాణాపాయాన్ని కూడా కలిగించగలవు. అందువలన వైద్యులు, తెలుగునాట పెద్దలు కూడా, ఉతకని బట్టను పసిబిడ్డకు తొడగరాదని చెబుతారు.

శిశువు వస్త్రాలు – పేర్లు

పుట్టిన వెంటనే బిడ్డను చుట్టే మెత్తని గుడ్డలను పొత్తిగుడ్డలు లేదా పొత్తిళ్ళు అంటారు. 'పొత్తిళ్ళలోని బిడ్డ' అను ప్రయోగం దీని నుండి వచ్చినదే. నడుమునకు కట్టే గుడ్డను గోచిగుడ్డ, లంగోటీ అని వ్యవహరిస్తారు. పైన తొడిగేది జుబ్బా. ముందువైపు ముడులు వేసే జుబ్బాలను తలమీదుగా తొడగవలసిన అవసరం లేనందున అవి మెడ నిలపని శిశువుకు అనుకూలం. వీటితో పాటు టోపీ, మేజోళ్ళు, చేతి తొడుగులు, తువ్వాలు, పక్కగుడ్డలు, దుప్పటి, ఊయలకు కట్టే చీర మొదలగునవి ఉంటాయి. చర్మానికి తగిలే ప్రతి వస్త్రాన్నీ ముందుగా ఉతకవలెను. ఊయల చీరను, దోమతెరను, ఎత్తుకునేవారు భుజాన వేసుకునే తువ్వాలును చాలామంది మరచిపోతారు.

శిశువు చర్మం – ప్రత్యేకత

శిశువు చర్మానికి, పెద్దల చర్మానికి ముఖ్యమైన భేదాలు కొన్ని కలవు.

* శరీర బరువుతో పోల్చినప్పుడు శిశువు చర్మ వైశాల్యం ఎక్కువ. 3.3 కిలోల శిశువు చర్మ వైశాల్యం సుమారు 0.21 చదరపు మీటర్లు; 70 కిలోల వ్యక్తికి సుమారు 1.8 చదరపు మీటర్లు. అనగా కిలో బరువుకు లెక్కించినప్పుడు శిశువునకు సుమారు రెండున్నర రెట్లు ఎక్కువ చర్మం ఉంటుంది. చర్మం ద్వారా లోనికి పోయే పదార్థాల ప్రభావం కూడా ఆ మేరకు ఎక్కువ.
* పెద్దల చర్మంపై కొద్దిపాటి ఆమ్లత్వం ఉండి సూక్ష్మజీవులను అరికడుతుంది. పుట్టిన నాటికి శిశువు చర్మం దాదాపు తటస్థంగా ఉండి, తరువాతి రోజులలో క్రమంగా ఆమ్లత్వాన్ని పొందుతుంది. బట్టలో మిగిలిపోయిన సబ్బు క్షారగుణం కలది కావున ఈ మార్పునకు ఆటంకం కలిగిస్తుంది.
* కాలేయం, రక్తంలోని కొన్ని ఎంజైములు ఇంకా పరిపక్వం కాకపోవడం వలన, లోనికి చేరిన హానికర పదార్థాలను శిశువు శరీరం త్వరగా విసర్జించలేదు.
* నెలలు నిండకుండా పుట్టిన శిశువుల చర్మం మరింత పలుచన. వీరి విషయంలో పై జాగ్రత్తలన్నీ రెట్టింపు అవసరం.

కొత్త బట్టలో ఏముంటుంది

నేతకు ముందు దారం తెగిపోకుండా పడుగుకు గంజి పట్టిస్తారు. నేసిన తరువాత బట్ట బిగువుగా, నిగనిగలాడుతూ కనబడడానికి మరల గంజి, మెత్తదనాన్ని ఇచ్చే మైనపు పదార్థాలు అద్దుతారు. కుట్టుమిషను నూనె, గోదాముల ధూళి, అనేకుల చేతి మురికి దీనికి తోడవుతాయి.

ముడతలు పడని బట్టల తయారీలో ఫార్మాల్డిహైడ్ సంబంధిత రెజిన్లను వాడతారు. ఇవి తేమ, చెమట తగిలినప్పుడు కొద్దికొద్దిగా ఫార్మాల్డిహైడ్‌ను విడుదల చేస్తాయి. దీనివలన కొందరికి చర్మంపై దురద, దద్దుర్లు వస్తాయి. ఒకసారి ఉతికినచో బట్టపై స్వేచ్ఛగా ఉన్న ఫార్మాల్డిహైడ్ చాలావరకు నీటిలో కరిగిపోతుంది. కాని రెజిన్ నుండి నెమ్మదిగా వెలువడేది పూర్తిగా ఆగదు. కావున శిశువుల కొరకు ఇటువంటి బట్టలను కొనకపోవడమే మేలు.

ముదురు రంగు బట్టలలో దారానికి అంటుకోని అదనపు రంగు మిగిలి ఉంటుంది. మొదటి రెండు మూడు ఉతుకులలో నీటికి రంగు దిగడానికి ఇదే కారణం. తెలుపు లేదా లేత రంగు నూలు బట్టలు ఈ విషయంలో ఉత్తమం. వాటిపై మరకలు, కీటకాలు వెంటనే కనిపించడం మరొక లాభం.

చరిత్రలో కొన్ని ఘటనలు

బట్టల ద్వారా శిశువులకు హాని కలుగుతుందని వైద్యశాస్త్రం తెలుసుకొనడానికి కొన్ని విషాద ఘటనలు కారణమయ్యాయి.

1886: ఇంగ్లండులో రేనర్ అను వైద్యుడు నవజాత శిశువులు కొందరు నీలివర్ణానికి మారడాన్ని గమనించి బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ప్రకటించాడు. గోచిగుడ్డలపై అనిలిన్ సిరాతో వేసిన ముద్రలే దీనికి కారణం. ముద్ర వేసిన తరువాత ఉతకకుండానే ఆ గుడ్డలను వాడడంతో అనిలిన్ చర్మం గుండా రక్తంలో చేరింది. అది హీమోగ్లోబిన్‌ను మెట్‌హీమోగ్లోబిన్‌గా మార్చివేస్తుంది. అప్పుడు రక్తానికి ప్రాణవాయువును మోసే శక్తి తగ్గుతుంది. కొత్త బట్టను ఉతికి వాడవలెనను నియమానికి ఇంతకంటె స్పష్టమైన ఉదాహరణ అరుదు.

1963: గ్రీసు దేశపు వైద్యులు వాలేస్, డోక్సియాడిస్, ఫెసాస్‌లు నాఫ్తలీన్ వాసన పీల్చిన నవజాత శిశువులలో ఎర్ర రక్తకణాలు విచ్ఛిన్నమై తీవ్రమైన కామెర్లు వచ్చిన సంగతిని వివరించారు. నాఫ్తలీన్ ఉండలతో దాచిన బట్టలు, కంబళ్ళు దీనికి మూలం.

1967: అమెరికాలోని సెయింట్ లూయిస్ నగరంలో ఒక చిన్న ఆసుపత్రిలో 9 మంది నవజాత శిశువులు విపరీతమైన చెమట, జ్వరం, ఆయాసంతో జబ్బుపడగా ఇద్దరు మరణించారు. ఆసుపత్రి బట్టలకు బూజు పట్టకుండా చివరి జాడింపులో కలిపిన పెంటాక్లోరోఫీనేట్ లవణం గోచిగుడ్డలలో మిగిలిపోయి, చర్మం ద్వారా శిశువుల శరీరంలో ప్రవేశించినట్లు తేలింది. ఉతకడం ఎంత ముఖ్యమో, ఉతికేందుకు వాడిన పదార్థం బట్టలో మిగలకుండా జాడించడం అంతకంటె ముఖ్యమని ఈ ఘటన తెలియజేస్తుంది.

తెలుగునాట ఆచారాలు

తెలుగు కుటుంబాలలో తొలి కాన్పు సాధారణంగా పుట్టింట జరుగుతుంది. అందుచేత పొత్తిగుడ్డలను సిద్ధం చేసే పని అమ్మమ్మదిగా ఉండేది. ఇంటిలోని పెద్దల పాత నూలు పంచెలు, చీరలు చింపి, ఉడకబెట్టి, ఎండలో ఆరవేసి, మడతలు పెట్టి ఉంచేవారు. బాగా బ్రతికిన పెద్దల బట్టలు వాడితే బిడ్డకు ఆయుష్షు కలుగునని విశ్వాసం. విశ్వాసం మాట ఎట్లున్నా, వందసార్లు ఉతికిన పాత నూలు బట్టలో గంజి, అదనపు రంగు, రసాయనాలు మిగిలి ఉండవు. నూలు మెత్తబడి ఉంటుంది. తేమను చక్కగా పీల్చుకుంటుంది.

బిడ్డ పుట్టకముందు కొత్త బట్టలు కొనరాదని కూడా అనేక కుటుంబాలలో ఆచారం కలదు. శిశు మరణాలు అధికంగా ఉన్న కాలంలో, పుట్టని బిడ్డకై వేడుకలు చేయడానికి జంకిన మనసులను ఈ ఆచారంలో చూడవచ్చు. పదకొండవ రోజున పురుడు వెళ్ళిన తరువాత గాని, బారసాలనాడు గాని కొత్త బట్టలు తొడిగేవారు. ధరించే ముందు కొత్త బట్ట అంచుకు పసుపు పెట్టడం ఇప్పటికీ వాడుకలో ఉన్నది. ఇది మంగళప్రదమైన ఆచారమే తప్ప ఉతుకుకు ప్రత్యామ్నాయం కాదు.

నేడు ఆంధ్ర ప్రదేశ్, తెలంగాణ రాష్ట్రాలలో 95 శాతానికి పైగా కాన్పులు ఆసుపత్రులలోనే జరుగుతున్నాయి. పుట్టిన గంటలోపే బంధువులు దగ్గరి దుకాణంలో కొత్త జుబ్బా కొని తెచ్చి, సంచి విప్పి తొడిగించడం సాధారణ దృశ్యమైనది. ముందుగా కొనరాదను ఆచారాన్ని పాటించే కుటుంబాలలో ఈ తొందర మరింత ఎక్కువ. ఆచారాన్ని విడువకుండానే దీనికి పరిష్కారం ఉన్నది: ఇంటిలోని పాత నూలు బట్టలను ఉతికి ఆసుపత్రి సంచిలో ఉంచుకొని, తరువాత కొన్న కొత్త బట్టలను ఉతికిన పిదపనే వాడవలెను. పూర్వుల పద్ధతి కూడా వాస్తవానికి ఇదే.

రజకులు – బట్టల గుర్తులు

పూర్వం పురిటి మైల బట్టలను గ్రామ రజకులు తీసుకొనిపోయి చౌడు మట్టి కలిపిన నీటిలో నానబెట్టి, పెద్ద బానలలో ఆవిరికి ఉడికించి, రేవులో ఉతికేవారు. ఈ ఉడుకు వలన సూక్ష్మజీవులు చాలావరకు నశించేవి. ఏ ఇంటి బట్ట ఏదో తెలియడానికి నల్లజీడి గింజ రసంతో గుర్తులు పెట్టడం భారతదేశంలో ప్రసిద్ధమైన పద్ధతి. ఈ రసం చర్మానికి తగిలితే బొబ్బలు, తీవ్రమైన దురద కలుగుతాయి. రెండవ ప్రపంచ యుద్ధ కాలంలో భారతదేశంలోని అమెరికన్ సైనికులకు ఈ గుర్తుల వలన చర్మవ్యాధి సోకిన సంగతి 1943లో వైద్య పత్రికలలో వెలువడింది. శిశువు బట్టలపై ఇటువంటి గుర్తులు గాని, చెరగని సిరా రాతలు గాని ఉండరాదు.

కలరా ఉండలు – ప్రాణాపాయం

తెలుగువారు కలరా ఉండలని పిలిచే తెల్లని ఉండలలో అధికభాగం నాఫ్తలీన్‌తో చేసినవి. పెద్ద బిడ్డ బట్టలు, ఉన్ని టోపీలు, కంబళ్ళు ట్రంకుపెట్టెలో ఈ ఉండల మధ్య దాచి, మరో కాన్పుకు బయటకు తీయడం అనేక ఇళ్ళలో జరిగే పని.

మన శరీరంలో జి6పిడి అను ఎంజైము ఎర్ర రక్తకణాలను రక్షిస్తుంది. పుట్టుకతోనే ఈ ఎంజైము లోపించిన శిశువులు కొందరు ఉంటారు. లోపానికి కారణమైన జన్యువు ఎక్స్ క్రోమోజోముపై ఉన్నందున ఇది మగపిల్లలలో ఎక్కువగా బయటపడుతుంది. ఇటువంటి శిశువు నాఫ్తలీన్ ఆవిరిని పీల్చినా, అది పట్టిన బట్టను ధరించినా ఎర్రకణాలు వేగంగా పగిలిపోతాయి. రక్తహీనతతో పాటు బిలిరూబిన్ అను పసుపు పదార్థం రక్తంలో పెరిగిపోతుంది. అది మితిమీరినచో మెదడులో చేరి శాశ్వతమైన వినికిడి లోపం, అవయవాల వంకర, మరణం కూడా సంభవించవచ్చు.

నాఫ్తలీన్ నూనెలో సులభంగా కరుగుతుంది. కావున నూనె మర్దన చేసిన శిశువు ఒంటికి ఈ వాసన పట్టిన బట్ట తగిలితే అది చర్మం గుండా మరింత త్వరగా లోనికి పోతుంది. బిడ్డకు నూనె రాసి స్నానం చేయించే అలవాటు మనకు ఉన్నందున ఈ విషయాన్ని ప్రత్యేకంగా గుర్తుంచుకొనవలెను.

తమ బిడ్డకు ఈ లోపం ఉన్నదో లేదో పుట్టుకకు ముందు తల్లిదండ్రులకు సాధారణంగా తెలియదు. అందువలన శిశువు ఉన్న ఇంటిలో కలరా ఉండలను పూర్తిగా మానుకొనడమే సరియైన మార్గం. ఇదివరకే వాసన పట్టిన బట్టలను ఒకసారి ఉతికితే చాలదు. పలుమార్లు ఉతికి, వాసన ఏమాత్రం లేకుండా పోయేవరకు అనేక రోజులు ఎండలో, గాలిలో ఆరవేయవలెను. వాసన పోనిచో శిశువుకు వాడరాదు. దాచడానికి ఎండు వేపాకును గుడ్డలో మూటగట్టి ఉంచవచ్చు.

ఉతికే విధానం

నెలలు నిండకముందే కాన్పు వచ్చే అవకాశం ఉన్నందున, తొమ్మిదవ నెల ప్రవేశించే నాటికే ఈ పని పూర్తి చేయడం మంచిది. బరువైన బకెట్లు ఎత్తడం, వంగి ఉతకడం వంటి పనులు గర్భిణికి అప్పగించక ఇంటివారు చేయవలెను.

1. బట్టలకున్న కాగితపు చీటీలు, గుండుసూదులు, ప్లాస్టిక్ ముళ్ళు తీసివేయాలి. మెడ వెనుక కుట్టిన గరుకు పట్టీలను జాగ్రత్తగా విప్పదీయాలి.
2. బట్టను తిరగవేసి లోపలి పోగులను పరిశీలించాలి. మేజోళ్ళు, చేతి తొడుగులలోని వదులు దారాలు శిశువు వేళ్ళకు చుట్టుకుని రక్తప్రసరణను ఆపివేయగలవు. వీటిని కత్తిరించాలి.
3. ముదురు రంగు బట్టలను వేరుచేయాలి. పెద్దల మురికి బట్టలతో, ముఖ్యంగా పొలం పనులలో పురుగుమందులు అంటిన బట్టలతో కలిపి ఉతకరాదు. వాటికి వాడిన బకెట్టును కూడా వాడరాదు.
4. కొత్త బట్టలను శుభ్రమైన నీటిలో కొన్ని గంటలు నానబెట్టి ఆ నీటిని పారబోయాలి. గంజి, అదనపు రంగు ఇందులోనే చాలావరకు దిగిపోతాయి.
5. సువాసన లేని, గాఢత తక్కువ గల సబ్బును కొద్దిగా వాడాలి. పసిపిల్లల కొరకని అమ్మే ఖరీదైన సబ్బుద్రావణాలే కావలెనని లేదు. కుంకుడుకాయ రసం కూడా పనికి వస్తుంది. అయితే పిప్పి లేకుండా వడకట్టాలి.
6. నీటిలో నురుగు కనిపించకుండా, చేతికి జారుడు తగలకుండా ఉండేవరకు కనీసం మూడు నీళ్ళలో జాడించాలి. బోరునీటి వంటి కఠిన జలంలో సబ్బు తెట్టుకట్టి పోగులకు అంటుకుంటుంది. అటువంటి చోట చివరి జాడింపుకు మంచినీరు లేదా వాననీరు వాడడం మేలు.
7. పాత నూలు గుడ్డలను, గోచిగుడ్డలను ఉతికిన తరువాత మరిగే నీటిలో సుమారు 10 నిమిషాలు ఉంచవచ్చు. ఉన్ని, కృత్రిమ దారాల బట్టలను ఉడకబెట్టరాదు.

నీలిమందు, మెత్తదనానికి కలిపే ద్రావణాలు, బ్లీచింగు పొడి, క్రిమినాశక ద్రావణాలు మామూలుగా అవసరం లేదు. జబ్బుపడినవారి బట్టల విషయంలో వాడవలసివస్తే తరువాత బాగుగా జాడించాలి.

ఆరవేయడం, భద్రపరచడం

ఎండ ఉచితంగా లభించే క్రిమినాశని. అందులోని అతినీలలోహిత కిరణాలు, వేడి సూక్ష్మజీవులను తగ్గిస్తాయి. బట్టలను తీగపై గాని దండెంపై గాని ఆరవేయాలి. నేలపై, పేడ అలికిన చోట, పశువుల కొట్టం వద్ద ఆరవేయరాదు. ధనుర్వాతం కలిగించే సూక్ష్మజీవుల బీజాలు మట్టిలో, పేడలో ఉంటాయి. మానని బొడ్డుకు అవి తగలడం ప్రమాదకరం. భారతదేశంలో బాలింతల, నవజాత శిశువుల ధనుర్వాతం నిర్మూలన స్థాయికి చేరినట్లు 2015లో నిర్ధారించబడినప్పటికీ ఈ జాగ్రత్త ఇప్పటికీ అవసరమే.

వానాకాలంలో గుడ్డలు త్వరగా ఆరవు. కుంపటి పైన, పొగపైన ఆరబెట్టిన బట్టలకు పొగ పట్టి శిశువుకు దగ్గు తెప్పించవచ్చు. ఇంటిలో పంకా క్రింద ఆరబెట్టి, ఇస్త్రీ చేయడం మంచి ఉపాయం. ఇస్త్రీ వేడికి మిగిలిన తేమ, సూక్ష్మజీవులు పోతాయి. ఆఫ్రికా దేశాలలో నివసించే తెలుగువారికి ఇది మరింత ముఖ్యం. అక్కడ టుంబు ఈగ ఆరవేసిన తడిబట్టలపై గుడ్లు పెడుతుంది. వాటి నుండి వచ్చిన పురుగులు చర్మంలో దూరుతాయి. వేడి ఇస్త్రీతో ఆ గుడ్లు నశిస్తాయి.

ఆరిన బట్టలను సాయంకాలం కాకముందే తీసి, చీమలు, పురుగులు లేకుండా విదిలించి, ఉతికిన నూలు సంచిలో గాని మూత ఉన్న డబ్బాలో గాని ఉంచాలి. తొడిగే ముందు మరొకసారి విదిలించడం మంచి అలవాటు.

గోచిగుడ్డల విషయం

మొదటి వారం గడిచేసరికి పాలు చక్కగా త్రాగే శిశువు రోజుకు ఆరు లేదా అంతకంటె ఎక్కువసార్లు మూత్రం పోస్తుంది. వానాకాలపు కాన్పులకు 20 నుండి 25 గుడ్డలైనా సిద్ధంగా ఉంటే ఇబ్బంది ఉండదు. మలం అంటిన గుడ్డలను వేరుగా కడిగి, సబ్బుతో ఉతికి, ఎండవేయాలి. గుడ్డను బొడ్డుకు క్రిందుగా మడిచి కట్టాలి. బొడ్డు పొడిగా, గాలి తగిలేటట్లు ఉండాలి.

వెచ్చదనం

శుభ్రతపై శ్రద్ధ వెచ్చదనాన్ని మరపించరాదు. పుట్టిన బిడ్డను వెంటనే తుడిచి, తల్లి ఒడిలో చర్మానికి చర్మం తగిలేటట్లు ఉంచవలెను. 2022 నాటి ప్రపంచ ఆరోగ్య సంస్థ సిఫారసుల ప్రకారం మొదటి స్నానాన్ని కనీసం 24 గంటల వరకు ఆపాలి. పెద్దలు ధరించే దానికంటె ఒకటి రెండు పొరల బట్టలు ఎక్కువగా వేయాలి. తలకు టోపీ ఉండాలి. ఉతికిన బట్ట అందుబాటులో లేదని శిశువును ఏమీ కప్పకుండా ఉంచరాదు. ఆసుపత్రివారి శుభ్రమైన గుడ్డను అడిగి తీసుకొనవచ్చు.

వైద్యుని ఎప్పుడు సంప్రదించాలి

మొదటి రోజులలో శిశువు ఒంటిపై కనిపించే ఎర్రని మచ్చలు చాలావరకు వాటంతట అవే తగ్గుతాయి. వేడికి వచ్చే చెమటకాయలు పలుచని నూలుబట్టతో తగ్గుతాయి. బట్ట తగిలినచోటనే ఎర్రబారితే ఆ బట్టను, సబ్బును మార్చి చూడవచ్చు. ఈ క్రింది లక్షణాలు కనబడినచో ఆలస్యం చేయక ఆసుపత్రికి తీసుకొనిపోవలెను:

* పుట్టిన 24 గంటలలోపు కనిపించే పసుపురంగు, లేదా అరచేతులు, అరికాళ్ళ వరకు వ్యాపించిన పసుపురంగు
* ముదురు రంగు మూత్రం, పాలిపోయిన ఒళ్ళు
* పాలు త్రాగకపోవడం, మగతగా ఉండడం
* పెదవులు, నాలుక నీలంగా మారడం
* చీము పొక్కులు, బొడ్డు చుట్టూ ఎరుపు, జ్వరం లేదా ఒళ్ళు చల్లబడడం
* వాచి, రంగు మారిన కాలి లేదా చేతి వేలు

ఇంటిలో కలరా ఉండలు వాడి ఉంటే ఆ సంగతిని వైద్యునికి తప్పక చెప్పాలి.

ప్రమాణాలు, ప్రభుత్వ చర్యలు

జపాను 1973లో చేసిన చట్టం ద్వారా గృహోపయోగ వస్తువులలోని హానికర పదార్థాలను నియంత్రించింది. దీని ప్రకారం 24 నెలలలోపు పిల్లల దుస్తులకు ఫార్మాల్డిహైడ్ విషయంలో పెద్దల దుస్తులకంటె కఠినమైన పరిమితి కలదు. 1992లో ఐరోపాలో ఆరంభమైన ఓకో-టెక్స్ ప్రమాణం మూడేళ్ళలోపు పిల్లల వస్త్రాలను ప్రథమ తరగతిగా విభజించింది. భారత ప్రభుత్వం 1997లో క్యాన్సరు కారకాలను విడుదలచేసే అనేక అజో రంగుల వాడకాన్ని నిషేధించింది. ఇటువంటి ముద్రలు ఉన్న బట్టలను కూడా ఉతికిన పిదపనే వాడవలెను.

శిశువు వస్త్రాలను ప్రభుత్వమే అందించే పద్ధతికి ఫిన్లాండు ప్రసిద్ధి. అక్కడ 1938 నుండి పేద తల్లులకు, 1949 నుండి తల్లులందరికీ ప్రసూతి పెట్టె లభిస్తున్నది. తెలంగాణలో 2017లో ఆరంభించిన కె.సి.ఆర్. కిట్‌లో శిశువు దుస్తులు, సబ్బు, నూనె, దోమతెరతో కూడిన పరుపు మొదలగునవి ఉండేవి. ఇటువంటి కిట్లలో వచ్చే బట్టలకు కూడా కొత్త బట్టల నియమమే వర్తిస్తుంది.

ఇవి కూడా చూడండి

* బారసాల
* కామెర్లు
* కుంకుడు
* నల్లజీడి
* నాఫ్తలీన్
* ధనుర్వాతం